తొమ్మిది మందిలో ముగ్గురు: విద్యాశాఖ పెద్దలకు ఒక లెక్కల సారు రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ అధికారులకు, ఏటా పదో తరగతి ఫలితాల సమీక్షలో కూర్చునే పెద్దలకు నమస్కారాలు.

నేను ఉమ్మడి పాలమూరు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పదకొండేళ్లు లెక్కలు చెప్పి 2024 మే నెలాఖరున రిటైరయ్యాను. బడి పేరు రాయడం లేదు. ఇప్పుడక్కడ పనిచేస్తున్నవాళ్లకు నా మూలంగా ఇబ్బంది రాకూడదు. నా చివరి ఏడాది ఆరు నుంచి పది దాకా కలిపి ఆ బడిలో ఉన్నది 41 మంది పిల్లలు. ఇంత చిన్న బడి గురించి ఇంత పెద్ద ఉత్తరం ఎందుకని మీకు అనిపించవచ్చు. అలాంటి బడులు మన తెలంగాణలో చాలా ఉన్నాయి, వాటి మీద నిర్ణయాలన్నీ ఒక శాతం అంకె చూసి జరుగుతున్నాయి. ఆ అంకె తప్పుడు కథ చెబుతోందని లెక్కలు చెప్పి బతికినవాడిగా నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

2022లో మా బడి నుంచి పదో తరగతి రాసింది ఏడుగురు. ఏడుగురూ పాసయ్యారు. 100 శాతం ఫలితం అని పిలిచి శాలువా కప్పారు. 2023లో తొమ్మిది మంది రాస్తే ముగ్గురు తప్పారు. 66.66 శాతం. సమీక్షలో మా హెడ్మాస్టరు గారిని లేపి అందరి ముందూ అడిగారు. ముగ్గురూ తప్పింది లెక్కల్లోనే కాబట్టి నాకు మెమో వచ్చింది. 2024లో ఎనిమిది మంది రాశారు, ఎనిమిది మందీ గట్టెక్కారు. మళ్లీ శాలువా. మూడేళ్లూ అదే గది, అదే నల్లబోర్డు, అదే సారు. పొద్దున ప్రత్యేక తరగతి, సాయంత్రం స్టడీ అవర్ కూడా అవే.

తొమ్మిది మందిలో ఒక్క పిల్ల తప్పితే 11.11 శాతం పోతుంది. 180 మంది రాసే బడిలో ఒకరు తప్పితే పోయేది అర శాతానికి కాస్త ఎక్కువ. ఒక పిల్లకు పరీక్షనాడు జ్వరం వస్తే చాలు, మా బడి జిల్లా జాబితాలో పైవరస నుంచి అట్టడుగుకు పడిపోతుంది. ఆ మూడేళ్లనూ కలిపి చూడండి. 24 మంది రాశారు, 21 మంది మొదటి విడతలోనే పాసయ్యారు. 87.5 శాతం. ఆ మూడేళ్లలో రాష్ట్రం మొత్తం మీద వచ్చింది 90, 86.60, 91.31 శాతం. అంటే మేం రాష్ట్రంతో పాటే నడిచాం. శాలువా కప్పాల్సినంత గొప్ప పనీ చేయలేదు, మెమో ఇవ్వాల్సినంత తప్పూ చేయలేదు. ఏ పదో తరగతి పిల్లాడికి ఇచ్చినా పది నిమిషాల్లో చేసే లెక్క ఇది. సమీక్షలో దీన్ని ఒక్కసారి కూడా ఎవరూ చేయకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇంతకీ ఆ బడిలో మిగిలినవాళ్లు ఎవరు? బడుల, పిల్లల వివరాలు కేంద్రానికి పంపే యూడైస్ ఫారంలో మేం ఏటా నింపే గడులు మీకు తెలిసినవే. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ, మైనారిటీ, దివ్యాంగులు, ఆడ, మగ. ఆ గడుల ప్రకారం మా 41 మందిలో 26 మంది ఆడపిల్లలు. ఈ అంకె చూసి బాలికా విద్య బాగుందని మురిసిపోవద్దు. పొద్దున ఏడున్నరకు ఊళ్లోకి ప్రైవేటు బడుల పసుపుపచ్చ బస్సులు వస్తాయి. ఒకే ఇంట్లో నుంచి కొడుకు ఆ బస్సెక్కుతాడు, కూతురు మా బడికి నడిచొస్తుంది. తల్లిదండ్రులను తప్పుపట్టలేను, ఒక్కరికే ఫీజు కట్టే స్తోమత ఉన్నప్పుడు వాళ్లకు తోచింది వాళ్లు చేస్తున్నారు. కానీ మా బడిలో ఆడపిల్లలు ఎక్కువ ఉండటానికి కారణం అదే.

నాలుగో తరగతి కాగానే చురుకైన పిల్లలు ప్రవేశ పరీక్ష రాసి గురుకులాలకు పోతారు. పోవాలి కూడా. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టినప్పటి నుంచి ఎన్ని పేదిళ్లు ఆ దారిన పైకొచ్చాయో కళ్లారా చూసినవాణ్ణి. నా ఇంట్లోనూ ఇద్దరు అలా చదువుకున్నవాళ్లే. అయితే అటు పోయినవాళ్లు పోగా, ఫీజు కట్టగలిగినవాళ్లు పోగా, ఆరో తరగతిలో మా ముందు కూర్చునేది మిగిలినవాళ్లు. ఆ తర్వాత మధ్యలో వచ్చి చేరేవాళ్లుంటారు. ఇంటి బెంగతో హాస్టల్ నుంచి తిరిగొచ్చిన పిల్ల, ఫీజు బాకీ పడి తొమ్మిదో తరగతిలో ప్రైవేటు బడి మానేసిన పిల్లాడు. ఎనిమిది దాకా అయితే టీసీ లేకపోయినా చేర్చుకోవాలని విద్యా హక్కు చట్టం చెబుతుంది. తొమ్మిదికి ఆ చట్టం వర్తించదు. బాకీ తీరితేగానీ టీసీ ఇవ్వమంటారు. అలా ఒక పిల్లాడు రెండు నెలలు మా వరండాలో కూర్చుని పాఠం విన్నాడు. హాజరు పట్టీలో అతని పేరు లేదు.

యూడైస్‌లో లేని గడి ఇంకొకటుంది. తల్లీ తండ్రీ ఊళ్లో ఉన్నారా లేరా? పాలమూరు వలస గురించి మీకు చెప్పక్కర్లేదు. మా 41 మందిలో పదమూడు మంది అవ్వ దగ్గరో మేనత్త దగ్గరో ఉండి చదువుకున్నారు. తల్లిదండ్రులు ముంబైలో, పుణెలో, హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉంటారు. తల్లిదండ్రుల సమావేశానికి రమ్మంటే అవ్వ వస్తుంది. వేలిముద్ర వేసి, "నువ్వే జూడు సారూ" అని చెప్పి పోతుంది. ఈ గడి ఒక్కటి ఫారంలో ఉంటే మీరు మా ఫలితాలను చూసే తీరే మారేది.

ఇప్పుడు ఆ తప్పిన ముగ్గురి సంగతి. 2023లో పదో తరగతి రాసిన పిల్లలు 2020–21లో ఎనిమిదో తరగతిలో ఉన్నారు. ఆ ఏడాది దాదాపు అంతా బళ్లు మూసే ఉన్నాయి. సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి. మా తొమ్మిది మందిలో నలుగురి ఇళ్లలో టీవీ లేదు. ఏకచర రేఖీయ సమీకరణాలు చెప్పేది ఎనిమిదిలోనే. x ను ఒక పక్కకు తెచ్చి అంకెలను ఇంకో పక్కకు పంపడం అక్కడే నేర్చుకుంటారు. అది రాని పిల్ల ముందు పదో తరగతిలో రెండు చరరాశుల సమీకరణాల జత పెడితే ఏం చేస్తుంది? 2022లో రాసిన పిల్లలకు కరోనా కారణంగా సిలబస్ 70 శాతానికి తగ్గించారు. 2023 పిల్లలకు మొత్తం సిలబస్. శాలువాకూ మెమోకూ మధ్య ఉన్న తేడాలో ఇదెంత ఉందో ఆలోచించండి.

ఆ ముగ్గురిలో ఒకమ్మాయి ఉంది. పేరు రాయను. తొమ్మిదిలో ఉండగా దసరా సెలవులు అయిపోయి మూడు వారాలైనా రాలేదు. వచ్చిన రోజు బోర్డు దగ్గరకు పిలిచి లెక్క చేయమన్నాను. చాక్‌పీసును బొటనవేలు తగలకుండా వింతగా పట్టుకుంది. చూస్తే ఆ వేలి గోరు సగందాకా అరిగి, చివర నల్లగా కమిలి ఉంది.

"ఏమైంది బిడ్డా?"

"క్రాసింగ్‌కు పోయిన సార్."

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ నడిగడ్డలో సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పత్తి, పండిస్తారని మీకు తెలుసు. క్రాసింగ్ అంటే ఆ చేలల్లో పని. ఆడ మొక్క మొగ్గలో పుప్పొడి తిత్తులను పూవు విచ్చకముందే బొటనవేలి గోటితో గీరి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పూవు తెచ్చి దానికి అద్దాలి. ఒక్కొక్క మొగ్గా చేత్తోనే. చిన్న వేళ్లయితే పని నాజూగ్గా అవుతుందని పిల్లల్ని పెడతారు. ఆ పిల్లకు అక్కడ మేనత్త ఉంది. ఆగస్టు నుంచి వీలైనన్ని రోజులు అక్కడ పనిచేసి, ఆ డబ్బుతో అవ్వ మందులకు సాయపడేది. లెక్కల్లో వచ్చినవి 29 మార్కులు. ఆరు మార్కులు తక్కువ. నాకొచ్చిన మెమోలో ఈమె 11.11 శాతం.

జూన్ సప్లిమెంటరీకి ఆమె చేత రోజూ పది లెక్కలు చేయించాను. పాసయ్యింది. ముగ్గురిలో ఇంకొకరూ పాసయ్యారు. కానీ జూన్‌లో వచ్చిన పాసులు సమీక్ష కాగితంలో ఎక్కవు. 2023 సంవత్సరానికి మా బడి ఇప్పటికీ 66.66 శాతంగానే ఉంది.

రిటైరయ్యాక చేతిలో తీరిక ఉంది, పాత హాజరు డైరీ ఉంది. ఈ మూడేళ్ల 24 మందీ ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కుందామని కూర్చున్నాను. ఫోన్ నంబర్లు సగం మారిపోయాయి. కొందరి సంగతి అవ్వలు చెప్పారు, కొందరిది కిరాణా కొట్టాయన చెప్పాడు. ఇద్దరి కోసం తండాకు నడిచి వెళ్లాను. వారం పట్టింది.

100 శాతం వచ్చిన 2022 పిల్లలు ఏడుగురిలో ఇంటర్ పూర్తి చేసింది ముగ్గురు. ఒకమ్మాయికి ఆ వేసవిలోనే, పద్దెనిమిది నిండకుండానే పెళ్లి చేసేశారు. ఒక పిల్లాడు తండ్రితో హైదరాబాదు సెంట్రింగుకు పోయాడు. ఇద్దరమ్మాయిలు మండల కేంద్రంలోని జూనియర్ కాలేజీలో చేరి మొదటి ఏడాదిలోనే మానేశారు. వాళ్లిద్దరిలో ఒకరు మా బడికి ఆ ఏడాది ప్రథమ.

66.66 శాతం వచ్చిన 2023 పిల్లలు తొమ్మిది మందిలో ఐదుగురు ఇంటర్ పూర్తి చేశారు. ఒకరు ఐటీఐ పూర్తి చేశాడు. ఒకరు ఇంటర్‌లో మిగిలిన సబ్జెక్టు ఇంకా రాస్తున్నాడు. ఒకమ్మాయి పది దగ్గరే ఆపి ఇంటి దగ్గర మిషన్ కుడుతోంది. పది తప్పి, మళ్లీ రాయని పిల్లాడు హైదరాబాదులో హోటల్లో పనిచేస్తున్నాడు. గోరు అరిగిన ఆ అమ్మాయి ఇంటర్ పూర్తి చేసిన ఐదుగురిలో ఉంది.

మెమో వచ్చిన ఏటి పిల్లలు తొమ్మిదిలో ఆరుగురు గట్టుకు చేరారు. శాలువా కప్పిన ఏటి పిల్లలు ఏడుగురిలో ముగ్గురే. ఇది నా గొప్పతనం కాదు, నా లోపమూ కాదు. కారణం అడిగితే ఆ పిల్లలే చెప్పారు. 2022లో కాలేజీలో చేరిన ఆడపిల్లలు ఆటోలో పోవాలి, పోను రాను 40 రూపాయలు. పత్తి ఏరే రోజుల్లో ఇంట్లో ఆ డబ్బు లెక్క వేశారు, మానిపించారు. 2023లో చేరినవాళ్లకు ఆరు నెలలు తిరగకుండానే, డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. మా ఊరి పల్లెవెలుగు పొద్దున ఎనిమిదికి వస్తుంది. "బస్సుకు పైసలు పెట్టేది లేదు గద సార్, అందుకే పోనిచ్చిర్రు" అన్నది ఆ అమ్మాయి. పదో తరగతి శాతాన్ని పట్టుకుని బడిని కొలిచేవాళ్లకు ఈ సంగతి ఎప్పటికైనా కనబడుతుందా? పిల్ల చదువు నిలబడిందా కూలిందా అన్నది ఆ 40 రూపాయల దగ్గర తేలింది, బడిని దాటిన తర్వాత. అప్పటికి మా బడి ఫైలు మీ దగ్గర మూసేసి ఉంటుంది.

2024 పిల్లలు ఎనిమిది మందిలో ఏడుగురు ఇంటర్ రెండో ఏడాదిలోనో పాలిటెక్నిక్‌లోనో ఉన్నారు. ఎనిమిదో పిల్లాడి ఫోన్ మోగడం లేదు. ఇంటికి తాళం ఉంది.

ఇలాంటి పిల్లల కోసం మీ యూడైస్ ప్లస్‌లోనే ఒక చోటుంది. బడి నుంచి వెళ్లిపోయి మరో బడిలో చేరినట్టు కనబడని పిల్లల పేర్లు డ్రాప్ బాక్స్‌లో పడతాయి. ఆ పేర్లను కిందికి దించమని, డ్రాప్ బాక్స్ ఖాళీ చేయమని ఒత్తిడి ఉంటుంది. ఖాళీ చేయడమంటే పిల్లను వెతికి తెచ్చి కూర్చోబెట్టడమని నా ఉద్దేశం. కానీ సాయంత్రంలోగా నివేదిక పంపాలన్నప్పుడు ఏ కారణం రాస్తే పేరు తొలగుతుందో అదే రాస్తారు. "వలస వెళ్లారు" అని నేనూ రాశాను. ఇద్దరి విషయంలో అలా రాసి ఊరుకున్నాను, వెతకలేదు. ఆ పని చేయకుండా ఉండాల్సింది.

ఇంత వివరంగా రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను. తక్కువ మంది పిల్లలున్న బడులను పక్క ఊరి బడిలో కలిపేయాలన్న మాట మళ్లీ వినబడుతోంది. 41 మందికి ఏడుగురు టీచర్ల పోస్టులా అని అడుగుతారు. ఏడు పోస్టులున్న మాట నిజమే, కానీ నా చివరి ఏడాది ఉన్నది నలుగురం. మిగతావి ఖాళీలు, వర్క్ అడ్జస్ట్‌మెంట్లు, అంటే సారును తాత్కాలికంగా వేరే బడికి పంపడం. భౌతికశాస్త్రం కూడా నేనే చెప్పాను. సారు లేడని తెలిశాక జూన్‌లో ఇద్దరు ముగ్గురు పిల్లలు వెళ్లిపోతారు. పిల్లలు తగ్గారని ఇంకో సారును తీసేస్తారు. కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో 2024–25లో ఒక్క పిల్లా లేని బడులు దేశంలో 7,993 ఉంటే, అందులో 2,245 మన తెలంగాణవే. పశ్చిమ బెంగాల్ తర్వాత మనమే. అదే ఏడాది దేశంలో ఒక్క టీచరుతో నడిచే బడులు లక్షకు పైగా ఉన్నాయి. అవి అందరికన్నా ఎక్కువ ఉన్నది పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో. ఏ బడికీ సున్నా ఒక్క రోజులో రాలేదు. 41, 33, 20, 9 అని దిగుతూ వచ్చింది. ప్రతి మెట్టు దగ్గరా ఒక సంతకం ఉంది.

కలిపేస్తే ఏమవుతుందో కూడా చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 జీవోతో ప్రాథమిక బడుల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించారు. ఊరి బడి తరగతులు దూరం పోయాయని తల్లిదండ్రులు నిలదీశారు. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. మా దగ్గర తండా నుంచి బడికి రెండు కిలోమీటర్లు. మా బడి ఎత్తేస్తే తర్వాతి హైస్కూలు ఇంకో ఆరు కిలోమీటర్లు. ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని విద్యా హక్కు నిబంధన చెబుతుంది, తొమ్మిది పది తరగతులకు అది వర్తించదు. రవాణా భత్యం ఇస్తామంటారు. 26 మంది ఆడపిల్లల్లో తండా నుంచి వచ్చేవాళ్లు పదకొండు మంది. వాళ్ల తల్లిదండ్రులను నేను అడిగాను. "ఈ బడి ఉంటే పంపుతం, లేకుంటే పత్తిల పని ఉన్నది గద" అన్నారు. అలా తగ్గిన పదకొండు మందీ కొత్త బడిలో పదో తరగతి రాయరు కాబట్టి ఆ బడి శాతం ఏమాత్రం చెడిపోదు. అంకె బాగుంటుంది, పిల్లలు ఉండరు.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇది. పదో తరగతి రాసేవాళ్లు ఇరవై మంది కూడా లేని బడికి శాతం కట్టడం ఆపండి. ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు, జూన్‌లో ఎంతమంది గట్టెక్కారు అని అంకెలుగా రాయండి. పోల్చాలనుకుంటే మూడేళ్లు కలిపి పోల్చండి. మా బడి నుంచి వెళ్లిన పిల్లలు రెండేళ్ల తర్వాత ఎక్కడున్నారో అడగండి. ఇంటర్ బోర్డు దగ్గర హాల్ టికెట్లున్నాయి, మీ దగ్గర పిల్లల శాశ్వత సంఖ్యలున్నాయి, రెండూ కలిపి చూడటానికి పెద్ద ఖర్చేమీ లేదు. చిన్న బడి నుంచి లెక్కల సారును, సైన్సు టీచరును చదువుల మధ్యలో వర్క్ అడ్జస్ట్‌మెంట్ పేరుతో తీసుకుపోవద్దు. బడిని కలపాలన్న ప్రతిపాదన మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, పిల్లల సంఖ్య రాసిన కాగితం పక్కన పిల్లల పేర్ల కాగితం కూడా పెట్టించుకోండి. ప్రతి పేరుకు ఎదురుగా ఇంటి నుంచి కొత్త బడికి ఎంత దూరం, ఎవరు తీసుకెళ్తారు, వెళ్లకపోతే ఏ పనికి పోతుంది అని రాయించండి. 41 పేర్లే. ఒక్క పూట పని.

నా 24 మంది పేర్లూ, వాళ్లిప్పుడు ఎక్కడున్నారో రాసుకున్న డైరీ నా దగ్గరుంది. పిల్లల పేర్లు కాబట్టి పేపర్లో అచ్చు వేయలేను. మీలో ఎవరు పిలిచినా తీసుకొచ్చి చూపిస్తాను. ఆ ఎనిమిదో పిల్లాడి ఇంటికి వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
ఉమ్మడి పాలమూరు జిల్లా